బ్లూబెల్ అడవిలో మంట్‌జాక్ జింకలు: కాల్చడం తప్ప దారి లేదా?

హేజెల్‌కొమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉంటాను. మా ఊరిని ఆనుకుని ఒక పాత అడవి ఉంది. పెద్దదేం కాదు, చుట్టూ గోధుమ పొలాలే. వారాంతాల్లో అక్కడ వాలంటీర్‌గా పనిచేస్తుంటాను. దారులు శుభ్రం చేస్తాం, చలికాలంలో హేజెల్ చెట్లను మొదలు దాకా నరుకుతాం. మోడు నుంచి మళ్లీ చిగుళ్లు గుంపుగా లేస్తాయి, నేల మీదికి ఎండ వస్తుంది, ఆ ఎండకు పూలమొక్కలు లేస్తాయి. ఇక్కడ వందల ఏళ్లుగా ఇలాగే చేస్తున్నారట.

ఇప్పుడు ఆ చిగుళ్లు ఎదగడం లేదు. లేచినవి లేచినట్టే కొరికేసి ఉంటున్నాయి. ఏప్రిల్ చివర్లో నేలంతా నీలంగా కనిపించాల్సిన చోట బ్లూబెల్ అనే నీలిపూల కాడలు తలలు తెగి నిలబడి ఉన్నాయి. అంతా మంట్‌జాక్ జింకల పనే అంటున్నారు. అడవి బాగోగులు చూసే కమిటీ వాళ్లు రైఫిల్ వేటగాళ్లను పిలిచి వీటి సంఖ్య తగ్గిద్దామంటున్నారు. వచ్చే నెల మీటింగ్‌లో వాలంటీర్ల అభిప్రాయం కూడా అడుగుతారు.

నాకు చాలా టెన్షన్‌గా ఉంది. చూస్తే కుక్కంత జంతువు, వీపు గూనిగా పెట్టుకుని పొదల్లోకి దూరిపోతుంది. దాన్ని చంపమని చెయ్యెత్తాలంటే చేయి రావడం లేదు. అలాగని అడవి ఇలా బోడిగా అయిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. కంచె వేస్తే సరిపోదా? పిల్లలు పుట్టకుండా మందు పెట్టలేరా? పట్టుకుని వేరేచోట వదలలేరా? కాల్చడమే దారి అయితే దానివల్ల నిజంగా తగ్గుతాయా? తల్లిని కాల్చేస్తే పొదలో ఉన్న పిల్ల ఏమవుతుంది? ఈ పని దగ్గర నుంచి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పెరటిగులాబీ:

మాది హెర్ట్‌ఫర్డ్‌షైర్. మా పెరట్లోకి కంచె కింద నుంచి దూరి గులాబీ మొగ్గలు, ట్యులిప్‌లు తినేసేవి. వాసన మందులు కొట్టి చూశాం, వాన పడగానే వాటి పని అయిపోయేది. చివరికి గట్టి మెష్ వేయించాక ఆగాయి. చంపడం మాత్రం నాకిష్టం లేదండీ. ముందు కంచె సంగతి చూడమనండి.

మంచెమీద:

హేజెల్‌కొమ్మ గారూ, నేను సఫోక్‌లో ఉంటాను. ఉద్యోగం వేరే. డీర్ స్టాకింగ్ (జింకలను పొంచి వేటాడటం) సర్టిఫికెట్ మొదటి స్థాయి పాసై, కొన్ని చిన్న అడవుల్లో యజమానుల అనుమతితో మంట్‌జాక్‌ల సంఖ్య తగ్గించే పని చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాల్చడం అవసరమే. కానీ అరకొరగా కాల్చేటట్టయితే అసలు మొదలుపెట్టకూడదు. ఎప్పుడో ఓసారి వచ్చి, కొమ్ములున్న మగదాన్ని ఒకదాన్ని కొట్టుకుని పోతే అడవికి ఒరిగేదేమీ ఉండదు. ఒక ప్రాణం ఊరికే పోయినట్టు. కాబట్టి మీటింగ్‌లో ఎవరు కాలుస్తారు, వేటిని కాలుస్తారు, ఎంతకాలం కాలుస్తారు అన్నది గట్టిగా అడగండి.

ముందు దోషి ఎవరో నిర్ధారించుకోండి. కుందేలు కొరికితే కాడ కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. జింకకు పై దవడలో ముందు పళ్లుండవు, అందుకే అది కొరికిన చోట పీచు లేచి చిరిగినట్టుంటుంది. బురదలో గిట్టల గుర్తు చూడండి. మంట్‌జాక్‌ది దాదాపు 3 సెంటీమీటర్లే ఉంటుంది, ఇక్కడి ఇంకో జాతి రో జింకది అంతకంటే పెద్దది. చిగురు అందకపోతే మంట్‌జాక్ సన్నటి కొమ్మను నోటితో విరిచి వంచి మరీ తింటుంది. నడుము కంటే కింద విరిగి వేలాడుతున్న హేజెల్ కొమ్మలు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

ఈ జంతువు ఆగ్నేయ చైనా, తైవాన్‌లది. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని వోబర్న్ పార్కుకి తెచ్చి పెంచారు. 20వ శతాబ్దంలో కొన్ని తప్పించుకున్నాయి, కొన్నిటిని మనుషులే తీసుకెళ్లి అక్కడక్కడా వదిలారు. ఇప్పుడు దక్షిణ, మధ్య ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఉన్నాయి. దీన్ని వేటాడగల తోడేలు, లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి ఈ దేశంలో ఎప్పుడో అంతరించాయి. నక్క అయితే మంట్‌జాక్ పిల్లలను మాత్రమే పట్టుకుంటుంది, అంతే.

అసలు చిక్కంతా ఈతల దగ్గర ఉంది. రో జింక వేసవిలో, ఫాలో జింక ఆకురాలు కాలంలో ఎదకు వస్తాయి. మంట్‌జాక్‌కు కాలమంటూ లేదు. ఆడది ఏడెనిమిది నెలల వయసుకే ఎదకు రాగలదు. ఏడు నెలలు మోసి ఒక పిల్లను ఈనుతుంది. ఈనిన కొద్ది రోజులకే మళ్లీ చూలు కడుతుంది. అంటే ఎదిగిన ఆడది దాదాపు బతుకంతా చూలుతో ఉంటుంది, లేదా పాలిస్తూ ఉంటుంది, కొన్నాళ్లు రెండూనూ. వేటగాడు ఎన్ని మగవాటిని కొట్టినా మిగిలిన ఒక్క మగది చాలు, ఆడవన్నీ ఈనుతూనే ఉంటాయి.

థెట్‌ఫర్డ్ అడవిలో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్లు రాత్రిపూట ఒంటి వేడిని పట్టే థర్మల్ కెమెరాలతో జింకలను లెక్కించారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. రో, మంట్‌జాక్ జింకల సంఖ్య పెరగకుండా నిలవాలన్నా ఏటా 50 నుంచి 60 శాతం తీసేయాల్సి ఉంటుందని తేలింది. ఆ అడవిలో అప్పటికే క్రమం తప్పకుండా వేట సాగుతోంది. అయినా అక్కడ పుట్టిన జింకలు బయటి పొలాలకూ చిన్న అడవులకూ పోతూనే ఉన్నాయి. మీ అడవి చిన్నదన్నారు. పక్క తోపుల్లో ఎవరూ ఏమీ చేయకపోతే, మీరు ఖాళీ చేసిన చోటుకి అక్కడి జింకలు వచ్చి చేరతాయి. మీ కమిటీ ప్రతిపాదనలో పొరుగు భూస్వాముల ప్రస్తావన ఉందా లేదా? నేనైతే మొదట అదే చూస్తాను.

ఇక మీరడిగిన వేరే దారులు. కంచె పనిచేస్తుంది, దాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. మంట్‌జాక్‌కు 1.5 మీటర్ల ఎత్తు, 75 మిల్లీమీటర్లకు మించని కన్ను ఉన్న మెష్ కావాలి. కొత్తగా నరికిన హేజెల్ భాగానికి ఇలా కంచె కట్టి, చిగుళ్లు వాటి నోటికి అందనంత ఎత్తు పెరిగాక విప్పేయవచ్చు. అడవి మొత్తానికి కట్టాలంటే ఖర్చు సంగతి అటుంచి, జనం నడిచే దారి ఉన్నచోటల్లా గేటు పెట్టాలి. ఎవరో ఒకరు ఒక సాయంత్రం గేటు తీసి వదిలేస్తారు. ఒక్క చూలు జింక లోపలికి వచ్చినా, ఆ కంచె దాన్ని లోపలే కాపాడుతుంది.

మందు విషయానికొస్తే, అడవి జింకలకు గర్భం రాకుండా వాడేందుకు అనుమతి ఉన్న మందు ఇక్కడ లేదు. సూది వేయాలంటే ఒక్కోదాన్నీ పట్టుకోవాలి. ముళ్లపొదల్లో బతికే ఈ జంతువుని పట్టుకుంటే అది పడే హడలు అంతా ఇంతా కాదు. పట్టి వేరేచోట వదలడం నేరం. ఇక్కడి చట్టం మంట్‌జాక్‌ను బయట వదలడాన్ని నిషేధించింది. యూరోపియన్ యూనియన్ కూడా 2016లో తన మొదటి ఆక్రమణ జాతుల జాబితాలోనే దీన్ని చేర్చింది.

తగ్గుతాయా అని అడిగారు. మీ కౌంటీలోనే మంక్స్ వుడ్ ఉంది, వీలైతే వెళ్లి చూడండి. అక్కడ మంట్‌జాక్‌లు మితిమీరి పెరిగి బ్లూబెల్స్ దెబ్బతిన్నాయి, నరికిన చెట్లు చిగురించలేకపోయాయి. 1990ల్లో వాటిని కాల్చి తగ్గించడం మొదలుపెట్టి, ఏళ్లపాటు కొనసాగించాక నేల మీద మొక్కలు కోలుకున్నాయి. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. అన్ని మొక్కలూ ఒకే తీరున తిరిగి రాలేదు కూడా. బ్లూబెల్ విత్తనం మొలిచి పూత దశకు రావడానికే ఏళ్లు పడుతుంది కదా.

తుమ్మెదరెక్క:

క్షమించాలి, నాకిది మింగుడుపడటం లేదు. తెచ్చింది మనిషి, వదిలింది మనిషి, శిక్ష మాత్రం జింకకా? మన దేశంలో జింకను కొడితే జైల్లో వేస్తారు. పూల కోసం జంతువుల్ని చంపడం ఏం న్యాయం? పూలు తినడం దాని తప్పా?

మంచెమీద:

తుమ్మెదరెక్క గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. జింక తప్పు ఏమీ లేదు. తెచ్చినవాళ్లు ఎప్పుడో పోయారు, ఆ బాధ్యత ఇప్పుడు బతికున్న మన మీద పడింది.

మన తూర్పు కనుమల్లో ఉండే మొరిగే జింక వేరే జాతి. అది అక్కడే పుట్టి పెరిగినది. చిరుతలూ రేచుకుక్కలూ దాన్ని తింటాయి. అక్కడ దాన్ని కాపాడటానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండటం సరైనదే. ఇక్కడి మంట్‌జాక్‌కు అలా అడ్డుకట్ట వేసేది ఏదీ లేదు.

చచ్చేది పూలు మాత్రమే అనుకోకండి. సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌లో కొన్ని భాగాలకు జింకలు రాకుండా కంచె కట్టి పక్షులను గమనించారు. నైటింగేల్ పిట్టలు కంచె లోపలి భాగాలనే ఎంచుకున్నాయి. ఆ పిట్ట నేలకు దగ్గరగా, చిక్కటి పొదలో గూడు కడుతుంది. జింకలు ఆ పొదను కింది నుంచి బోలుగా తినేస్తే దానికి దాక్కునే చోటే ఉండదు. దానికీ పిల్లలున్నాయి. అవి పోవడం మన కంటికి కనిపించదు, తుపాకీ చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఊరుకుంటే ఎవరూ చావరు అన్న మాట నేను ఒప్పుకోలేను.

అయినా మీకు మనసొప్పకపోతే దాన్ని నేను గౌరవిస్తాను. చంపడం తేలికైన పని అనుకునే మనిషి చేతికి రైఫిల్ ఇవ్వకూడదనే నేనూ అంటాను.

హేజెల్‌కొమ్మ:

మంచెమీద గారూ, చాలా ఓపిగ్గా చెప్పారు, థ్యాంక్స్ అన్నా. మీరు చెప్పినట్టు కొరికిన కాడలు చూశాను, పీచు లేచి ఉన్నాయి. కానీ పిల్ల సంగతి మీరు చెప్పలేదు. నాకు రాత్రుళ్లు గుర్తొచ్చేది అదే. ఇంకోటి, మా అడవిలో జనం కుక్కలతో, పిల్లలతో తిరుగుతుంటారు. తూటా ఎటైనా పోతే? చంపిన జింకను ఏం చేస్తారు?

మంచెమీద:

అమ్మా, పిల్ల విషయం దాటవేయాలని కాదు, దానికి నిదానంగా సమాధానం రాయాలనుకున్నాను.

మిగతా జాతుల ఆడ జింకలకు చట్టం కొన్ని నెలలు వేట నిషేధం పెట్టింది, ఆ సమయంలో పిల్లలు తల్లి మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి. మంట్‌జాక్ ఏడాది పొడవునా ఈనుతుంది, అందుకని దానికి ఇంగ్లండ్‌లో నిషేధకాలమే లేదు. చట్టం చెప్పని చోట వేటగాడే నియమం పాటించాలి. మేం పాటించే నియమం ఇది: ఇంకా ఈనని పడుచు జింకనో, కడుపు బాగా కిందికి దిగి నిండు చూలుతో ఉన్నదాన్నో మాత్రమే కొట్టాలి. నిండు చూలుతో ఉందంటే అంతకుముందు ఈనిన పిల్లకు నెలలు నిండి, పాలు మానేసి సొంతంగా మేస్తోందని అర్థం. పొట్ట సన్నగా ఉన్న పెద్ద ఆడది కనిపిస్తే దానికి ఎక్కడో పొదలో పాలు తాగే పిల్ల ఉండవచ్చు. దాన్ని వదిలేయాలి. గురి ఎంత బాగా కుదిరినా వదిలేయాలి.

కడుపులోని పిల్ల తల్లితోపాటే పోతుంది. వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు, చేసేవాళ్లకూ కష్టంగానే ఉంటుంది. కానీ పొదలో ఒంటరిగా ఆకలితో రోజుల తరబడి చావడం కంటే అది తక్కువ బాధ అన్నది నా నమ్మకం. కొట్టాక మొదట పొదుగు చూస్తాను. పాలు కనిపిస్తే అక్కడే ఉండి పిల్ల కోసం వెతకడం నా బాధ్యత.

అందుకే మీ కమిటీ పిలిచే మనిషి ఎవరన్నది చాలా ముఖ్యం. చూలు జింకను, పాలిచ్చే జింకను బైనాక్యులర్స్‌లో తేడా పట్టలేని మనిషి మీ అడవికి వద్దు.

భద్రత గురించి. రైఫిల్ సర్టిఫికెట్ పోలీసులు ఇస్తారు, మంచి కారణం చూపించాలి. 1991 జింకల చట్టం ఆయుధం విషయంలో కచ్చితంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో మంట్‌జాక్‌కు కనీసం .220 క్యాలిబర్, 1,000 అడుగు-పౌండ్ల శక్తి, 50 గ్రెయిన్ల బరువున్న తూటా ఉండాలి. తూటా మొన మెత్తగానో బోలుగానో ఉండాలి, అప్పుడే లోపల విచ్చుకుని వెంటనే ప్రాణం తీస్తుంది. సూర్యాస్తమయం తర్వాత గంట దాటాక, సూర్యోదయానికి గంట ముందు వరకు లైసెన్సు లేకుండా కాల్చకూడదు. థర్మల్ పరికరంతో రాత్రి చూసి లెక్కపెట్టుకోవచ్చు, అది వేరే సంగతి.

ఇవన్నీ కాగితం మీద రూల్స్. నిజంగా జనాన్ని కాపాడేది మట్టి. తూటా జింకను దాటి వెళ్లినా దిగబడటానికి వెనక నేల కనిపించాలి. పొద వెనక ఏముందో తెలియకపోతే, మిట్ట మీద ఆకాశం వెనకగా జింక నిలబడితే, కాల్చడమన్న మాటే లేదు. మీ అడవిలాంటి చోట నేనైతే మంచె మీద నుంచే చేస్తాను. ఎత్తు నుంచి కిందికి కాలిస్తే తూటా నేలలోకే పోతుంది. మంచెలను నడకదారికి దూరంగా, దారికి వీపు పెట్టి అవతలి వైపు చూసేలా పెట్టాలి. తెల్లవారుజామున, కుక్కలవాళ్లు రాకముందే పని ముగించాలి. అన్నిటికన్నా ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. ఆకులు ఉండవు, పొదలు పలచగా ఉంటాయి. వేసవిలో ఆ పొదల మధ్య జింక వీపు కూడా కనబడదు.

మంట్‌జాక్ ఒకచోట నిలబడే రకం కూడా కాదు. తల దించుకుని గబగబా పోతూనే ఉంటుంది. ముందరి కాలి వెనక, ఛాతీలో అరచేయంత చోటు మాత్రమే గురి. అది పక్కకు తిరిగి, ఒక్క క్షణం ఆగాలి. ఆగకపోతే వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చే ఉదయాలే నాకు ఎక్కువ. వచ్చేవాళ్ల దగ్గర, లేదా పిలిస్తే వచ్చేంత దూరంలో, నెత్తురు జాడ పట్టగల కుక్క ఉందా అని కూడా అడగండి. గాయపడిన జింకను వెతక్కుండా వదిలేయడం లాంటి పాపం ఈ పనిలో ఇంకోటి లేదు.

చంపాక పేగులు వెంటనే తీసేయాలి. లింఫ్ గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం చూసి జబ్బు గుర్తులేమైనా ఉన్నాయా అని పరీక్షించాలి, ముఖ్యంగా టీబీ. దీనికి శిక్షణ ఉంటుంది. తర్వాత చల్లటి గదిలో వేలాడదీస్తాం. మాంసం బాగుంటుంది, కొవ్వు చాలా తక్కువ. కొంత మేమే తింటాం, కొంత వేటమాంసం కొనే గేమ్ డీలర్‌కి ఇస్తాం. పెద్ద జింక కూడా 15 కిలోలకు అటూ ఇటూనే తూగుతుంది, కాబట్టి డీలర్ ఇచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. డబ్బు కోసం ఎవరూ ఈ పనిలోకి రారు. ఫాలో జింక దొరికితే మంట్‌జాక్‌ను వదిలేసేవాళ్లు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. మీరు మాట్లాడుకునే మనిషితో ఈ విషయం ముందే తేల్చుకోండి.

చివరగా లెక్క సంగతి. కమిటీ ఏడాది చివర "ఇన్ని జింకలు కాల్చాం" అని రిపోర్టు ఇస్తే ఒప్పుకోకండి. అడవిలో ఎన్ని మిగిలాయో ఆ అంకె చెప్పదు. మొక్కలను లెక్కపెట్టమనండి. అడవిలో అక్కడక్కడా కొన్ని మీటర్ల చదరానికి చిన్న కంచెలు కట్టి, లోపలా బయటా తేడా చూడాలి. ప్రతి వసంతంలో అవే చోట్ల నడుస్తూ బ్లూబెల్ కాడల్లో ఎన్ని తెగాయో రాసుకోవాలి. ఇది వాలంటీర్లు చక్కగా చేయగల పని, తుపాకీతో సంబంధం లేదు. తెగిన కాడలు తగ్గుతున్నాయంటే సరైన దారిలో ఉన్నట్టు. తగ్గడం లేదంటే పద్ధతి మార్చాలి, మార్చలేకపోతే ఆపేయాలి.

హేజెల్‌కొమ్మ:

ఇవాళ కమిటీ సెక్రటరీతో మాట్లాడాను. పక్కన రైతు తోపు ఒకటుంది. అక్కడ నెమలికోళ్లను (ఫెజెంట్ పక్షులను) పెంచి వేటకు వదులుతారట, రైఫిల్ వాళ్లను రానివ్వడం లేదు. మిగతా ఇద్దరు పొరుగువాళ్లు ఒప్పుకున్నారు. ఈ ఒక్కరి వల్ల పనంతా వృథా అవుతుందా? నేను చెయ్యెత్తడానికి దాదాపు సిద్ధపడ్డాను, కానీ మీరు చెప్పిన అరకొర పని అవుతుందేమోనని భయంగా ఉంది.

మంచెమీద:

వృథా కాదు, కానీ కష్టమవుతుంది. సాధారణంగా అలాంటి రైతుల భయం ఒకటే, తుపాకీ చప్పుళ్లకు పక్షులు చెదిరిపోతాయని. ఆ పక్షుల వేట ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. ఆ తర్వాత ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రమే వస్తామని, సైలెన్సర్ ఉన్న రైఫిల్ వాడతామని అడిగి చూడండి. మీకు కావాల్సిన నెలలు కూడా అవే. కమిటీ వాళ్లు కాకుండా, కాల్చబోయే మనిషే వెళ్లి అడిగితే ఇంకా మంచిది. రైతుకు ఆయన ఎలాంటివాడో తెలుస్తుంది.

అప్పటికీ ఒప్పుకోకపోతే మంచెలను ఆ తోపు వైపు అంచున ఎక్కువగా పెట్టమనండి, వచ్చేవి అటు నుంచే కదా. ఈ చలికాలం హేజెల్ నరికే భాగాన్ని ఆ తోపుకి దూరంగా ఉన్న మూలలో ఎంచుకోండి. దానికి మాత్రం కంచె తప్పనిసరి. మెష్ అడుగు అంచును బయటివైపు నేల మీద పరిచినట్టు మడిచి, దగ్గర దగ్గరగా మేకులు కొట్టించండి. మంట్‌జాక్ కంచె దూకడం కంటే కింద నుంచి దూరడానికే ఎక్కువ చూస్తుంది.